రెండో గుటక

ఇరవై ఎనిమిదేళ్ళు కాఫీ రుచి చూడటం నా ఉద్యోగం.
అడిస్ అబాబాలో, పాత రైల్వే స్టేషన్ వెనక గోదాము మేడ మీద,
వరసగా పేర్చిన గిన్నెల ముందు నిలబడి
గుండ్రటి చెంచాతో జుర్రుమని పీల్చి
నాలుక మీద ఒక్క క్షణం తిప్పి
ఉమ్మేసేదాన్ని.
యిర్గాచెఫె: నిమ్మతొక్క. ఉమ్ము.
హరార్: ఎండిన నేరేడు. ఉమ్ము.
లిము: ఏమీ తోచలేదు. మళ్ళీ పీల్చు. ఉమ్ము.
మింగితే రాత్రికి నిద్ర ఉండదని
మా పెద్దాయన వోండిము మొదటిరోజే చెప్పాడు.
మింగడం కూడా ఒక పనేనని
ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మాహ్లెట్ చెబుతోంది.
నా కూతురి వయసు, తెల్లకోటు జేబులో చిన్న టార్చి.
"గడ్డం కిందికి. ఊపిరి బిగబట్టండి. మింగండి.
ఇంకోసారి మింగండి. ఇప్పుడు దగ్గండి."
నోట్లో ఏమీ లేకుండానే ఇదంతా.
ఉత్త ఉమ్మి.
ఇన్నేళ్ళూ తొట్లో పారబోసిన ఉమ్మినే
లోపలికి పంపడానికి
నాలుగు వారాల శిక్షణ.

మెదడులో నెత్తురు గడ్డకట్టింది, శనగగింజంత, అన్నారు.
ఎడమ చెంప జారింది.
గొంతులో ఒక తలుపు
ఎప్పుడు మూసుకోవాలో మరిచిపోయింది.
ముక్కులోంచి గొట్టం. ప్లాస్టరు కింద దురద.
అది పెద్ద ఉపవాసాల కాలం.
ఊరంతా పాలూ మాంసమూ మానేస్తే
నా నోరు నీళ్ళు కూడా మానేసింది.
చూడటానికొచ్చిన చర్చి గురువు
"రోగులకు ఉపవాసం లేదమ్మా" అన్నాడు,
గొట్టం వైపు చూసి నాలుక కరుచుకున్నాడు.
నాకు నవ్వొచ్చింది.
అదీ సగమే వచ్చింది.

పండగనాడు ఇంట్లో కోడికూర.
రాత్రంతా వేగిన ఉల్లిపాయల వాసన
దుప్పటిలోకి కూడా ఇంకింది.
నాకు మాత్రం అర చెంచా అత్మిత్, ఓట్సు జావ,
చెంచా వంచితే జారాలా వద్దా అని
ఆలోచించేంత చిక్కగా.
పదకొండు నిమిషాలు పట్టింది.

"నీళ్ళు మరీ వేగం, మీరింకా నెమ్మది" అంటుంది మాహ్లెట్.
ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు
కుళాయి కింద దోసిలి పట్టాను.
పొలమారింది.
ఎవరూ తలుచుకోలేదు, నీళ్ళే దారి తప్పాయి.
ఊపిరి దొరికేసరికి
తడిసిన ఒడితో నేల మీద కూర్చుని ఉన్నాను,
దొంగలా.

అన్నిటికన్నా ప్రేమంటేనే భయం పట్టుకుంది.
మా దగ్గర ప్రేమంటే గుర్షా.
ఇంజెర చింపి, కూరలో దొర్లించి, ముద్ద చుట్టి
ఎదుటి మనిషి నోట్లో పెట్టేయడమే.
ముద్ద ఎంతో ప్రేమ అంత.
నోరు తిప్పుకుంటే తప్పు.
ఒక్కదానితో ఆపితే ఇంకా తప్పు.
మా ఆడపడుచు బిర్టుకాన్ పిడికెడు ముద్దతో వంగినప్పుడు
నేను చేయి అడ్డం పెట్టాను.
ఆమె చేయి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.
తర్వాత తనే తినేసి, కళ్ళు తుడుచుకుని,
కారం ఎక్కువైందంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది.
ఈసారి షిరోలో నానిన ఇంజెర, మిరియపుగింజంత.
వేలి చివర అది కనపడను కూడా లేదు.
నా గడ్డం తనే కిందికి వంచింది,
ఆస్పత్రికి వెళ్ళి అడిగి నేర్చుకుందట.
మింగాను.
"అస్నకూ, ఇంకోసారి" అంది.
ఖాళీ నోటితో మళ్ళీ మింగాను.
అప్పుడు చుట్టింది రెండో ముద్ద.

వానలు మొదలయ్యాక
వోండిము కర్ర పొడుచుకుంటూ వచ్చాడు,
సంచిలో గిన్నె, గుండ్రటి చెంచా, తొట్టి.
మాహ్లెట్ ఇచ్చిన పొడి కలిపితే కాఫీ జావైంది.
అది కాఫీ కాదు,
కాఫీ గురించి ఎవరో దూరం నుంచి చెప్పిన మాట.
అయినా నాలుక పాతదే కదా, అడుగున దేవులాడింది.
ఎండిన నేరేడు. కాస్త తోలు.
హరార్. పోయినేటి పంట. బస్తా ఎక్కడో తడిసింది.

అలవాటు కొద్దీ వోండిము
తొట్టి ముందుకు జరిపాడు.
నేను గడ్డం దించాను.